మోకాలి గుజ్జు: అరిగేది ఏమిటి, తిరిగొచ్చేది ఏమిటి

క్లుప్తంగా: కీళ్లలో ‘గుజ్జు’ అని పిలుచుకునేది ఎముక చివర అతుక్కుని ఉండే గట్టి, నున్నటి పొర. దానిలో రక్తనాళాలు లేవు కాబట్టి దెబ్బతింటే చర్మంలా మానదు. పెద్ద వయసులో అది మళ్లీ పెరుగుతుందనడానికి ఆధారాలు చాలా తక్కువ. అయితే నొప్పి తగ్గాలంటే పొర పెరగాల్సిన పని లేదు. బరువు తగ్గడం, తొడ కండరాలకు బలం, కదలిక మేలు చేస్తాయనడానికి గట్టి పరీక్షలు ఉన్నాయి. గుజ్జు పెంచుతామంటూ అమ్మేవాటిలో చాలావాటికి అవి లేవు.

ఒకే మాట, మూడు వస్తువులు

మోకాళ్ల నొప్పితో ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లను ఏమన్నారని అడిగితే వచ్చే జవాబు ఇంచుమించు ఒకటే: ‘గుజ్జు అరిగిపోయిందంట’. నడుం నొప్పితో వెళ్లినవాళ్లు ‘వెన్నుపూసల మధ్య గుజ్జు జరిగిందంట’ అంటారు. మోకాల్లో ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లు ‘గుజ్జు ఎక్కించారు’ అంటారు. మూడు చోట్లా మాట ఒకటే, వస్తువులు వేరు. మొదటిది ఎముకల కొసల మీద ఉండే మృదులాస్థి, అంటే కార్టిలేజ్. రెండోది వెన్నులో డిస్క్. మూడోది కీలు లోపలి జిగురు ద్రవం, లేదా దానికి బదులుగా వేసే జెల్.

పేరులో ఏముందిలే అనుకోవడానికి లేదు. గుజ్జు అనగానే మామిడిపండు గుజ్జులాంటిదేదో లోపల తగ్గిపోయిందని, తగ్గినంత మళ్లీ నింపితే సరిపోతుందని అనిపిస్తుంది. బండికి ఇంజిన్ ఆయిల్ పోసినట్టు. మోకాళ్ల చుట్టూ సాగే పొడులు, నూనెలు, ఇంజెక్షన్ల వ్యాపారంలో చాలా భాగం ఈ పోలిక మీదే నిలబడింది. గిరాకీకి కొరత లేదు. మృదులాస్థి దెబ్బతిని వచ్చే ఆస్టియోఆర్థ్రయిటిస్‌తో బాధపడేవారు మన దేశంలో 1990లో సుమారు 2.3 కోట్ల మంది, 2019 నాటికి 6.2 కోట్ల మంది అని గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ అనే అంతర్జాతీయ అధ్యయనం అంచనా.

మటన్ కొట్టులో కనిపించే పొర

కార్టిలేజ్ ఎలా ఉంటుందో చూడాలంటే మటన్ కొట్టు దాకా వెళ్తే చాలు. మేక కాలును కీలు దగ్గర విడదీసినప్పుడు ఎముక బొడిపె మీద నీలిఛాయ కలిసిన తెల్లటి పొర తళతళలాడుతుంది. వేలు పెడితే జర్రున జారుతుంది. గోటితో నొక్కితే కాస్త లొంగి, వదిలేయగానే మళ్లీ లేస్తుంది. కత్తి మొనతో గీరితే పెచ్చులా ఊడుతుంది, రక్తం మాత్రం చుక్క కూడా రాదు. అదే ఎముకను కాసేపు ఎండలో పెడితే పొర పసుపు తిరిగి ముడుచుకుపోతుంది. కారణం, అందులో ఎక్కువ భాగం నీరే.

మనిషి మోకాల్లో ఈ పొర చాలాచోట్ల 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. మోకాలి చిప్ప వెనక ఇంకాస్త ఎక్కువ. బరువులో 65 నుంచి 80 శాతం నీరు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు రెండు మంచుముక్కలు ఒకదానిమీద ఒకటి జారేదానికన్నా నున్నగా జారుతుంది.

అంత నీరు పట్టుకున్న పొర ఒంటి బరువుకు ఎందుకు చితికిపోదు? నానబెట్టిన సబ్జా గింజలతో దీన్ని అర్థం చేసుకోవచ్చు. గింజల్ని బిగుతైన గుడ్డ సంచిలో కుక్కి, మూతి కట్టి నీళ్లలో వేస్తే అవి ఉబ్బి సంచిని లోపలి నుంచి తన్నుతాయి. సంచి బంతిలా గట్టిపడుతుంది. కార్టిలేజ్‌లో సబ్జా గింజల పని చేసేది అగ్రికాన్ అనే అణువు, గుడ్డ పని చేసేది కొలాజెన్ పోగుల వల. ఒకటి ఉబ్బాలని చూస్తుంది, ఇంకోటి ఉబ్బనివ్వదు. ఆ బిగువే మన బరువును మోస్తుంది. గుడ్డ ఎక్కడైనా చిరిగితే గింజలు అక్కడ ఇంకా ఎక్కువ ఉబ్బి, ఆ తర్వాత ఒక్కొక్కటిగా జారిపోతాయి. జబ్బు మొదట్లో కార్టిలేజ్ పలచబడడానికి ముందు నీరు పట్టి మెత్తబడేది అందుకే.

ఈ వలను కనిపెట్టుకుని ఉండే కణాలు మొత్తం పరిమాణంలో 5 శాతానికి మించవు. వాటి దగ్గరికి రక్తనాళం పోదు, నరం కూడా పోదు. వాటికి తిండి కీలు ద్రవం నుంచే అందాలి. అడుగు వేసినప్పుడు పొర నొక్కుకుని కొంత ద్రవం బయటికి వస్తుంది, కాలెత్తినప్పుడు మళ్లీ పీల్చుకుంటుంది. ఈ నొక్కు, విడుపు ఆగితే తిండి తగ్గినట్టే. గాయం తర్వాత వారాల తరబడి కాలు మోపకుండా ఉన్నవాళ్లలో, వెన్నుపూస దెబ్బతో కాళ్లు పడిపోయినవాళ్లలో కార్టిలేజ్ పలచబడడం స్కానింగుల్లో కనిపించింది. ‘అరుగుతుంది కాబట్టి వాడకుండా దాచుకుందాం’ అన్న ఆలోచన తిరగబడేది ఇక్కడే.

అణుబాంబులు చెప్పిన నిజం

కార్టిలేజ్ తనను తాను ఎంత కొత్తగా కట్టుకుంటుందన్న ప్రశ్నకు జవాబు అనుకోని చోట దొరికింది. 1950లు, 60ల మొదట్లో జరిగిన అణు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 ఒక్కసారిగా పెరిగి, తర్వాత నెమ్మదిగా తగ్గింది. శరీరంలో ఏ భాగమైనా ఏ ఏడు తయారైతే ఆ ఏటి కార్బన్ ముద్ర దానిమీద ఉండిపోతుంది. 2016లో డెన్మార్క్ పరిశోధకులు మోకాలి కార్టిలేజ్‌లోని కొలాజెన్‌ను ఈ పద్ధతిలో పరీక్షించారు. ఎదిగే వయసులో అల్లుకున్న వలే ముసలితనం దాకా ఉంటుందని తేలింది. జబ్బు పడిన మోకాళ్లలోనూ కొత్త కొలాజెన్ చేరిన జాడ దాదాపు లేదు. అగ్రికాన్ కొంత మారుతుంటుంది కానీ గుడ్డ మాత్రం పాతదే.

దెబ్బతిన్న కార్టిలేజ్ తిరిగి బాగుపడదని బ్రిటిష్ శరీరశాస్త్రవేత్త విలియం హంటర్ 1743లోనే రాశాడు. పైపైన పగిలితే రక్తం రాదు, రక్తం రాకపోతే గడ్డకట్టి మానే ప్రక్రియ మొదలే కాదు. దెబ్బ ఎముక దాకా దిగితే రక్తం ఊరి, ఆ గుంటలో మచ్చలాంటి కణజాలం పూడుతుంది. అసలు పొరతో పోలిస్తే అది గరుకు, నాసి. సిమెంట్ రోడ్డు మీద గుంతకు తారు అతుకు వేసినట్టు ఉంటుంది.

దెబ్బ ఎలా మొదలవుతుంది

ఒక దారి గాయం. కబడ్డీ పట్టులో కాలు మెలిపడడం, బైకు మీద నుంచి పడడం, ఫుట్‌బాల్‌లో ఒక్కసారిగా తిరగడం. అప్పుడు తెగేది ఎక్కువగా ఎముకల్ని కలిపి కట్టి ఉంచే లిగమెంట్, లేదా మెనిస్కస్ అనే దిండులాంటి మెత్త. వాపు తగ్గగానే మర్చిపోతారు. కానీ అలా గాయపడినవాళ్లలో ఇంచుమించు సగం మందికి 10 నుంచి 20 ఏళ్లలో ఆ మోకాల్లో ఆస్టియోఆర్థ్రయిటిస్ కనిపిస్తుంది. ఇరవైల్లో పడిన దెబ్బకు బిల్లు నలభైల్లో వస్తుందన్నమాట.

రెండో దారి మెల్లగా సాగుతుంది. దీన్నే మనం ‘అరుగుదల’ అంటాం, ఆ మాట కూడా సగమే నిజం. టైరు అరిగినట్టు రాపిడికే అరిగేదైతే రోజూ పరిగెత్తేవాళ్ల మోకాళ్లు ముందు పోవాలి. 2017లో పలు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు సరదాగా పరిగెత్తేవాళ్లలో మోకాలి, తుంటి ఆస్టియోఆర్థ్రయిటిస్ 3.5 శాతం ఉంటే, కదలకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం ఉంది. పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్లలో మాత్రం 13.3 శాతం. కీళ్లు బాగున్నవాళ్లే పరుగు కొనసాగిస్తారు కాబట్టి ఈ తేడా అంతా పరుగు పుణ్యమే అనలేం. అయినా టైరు పోలిక నిలవదని మాత్రం తెలుస్తుంది.

లోపల నిజంగా జరిగేది తినేయడం. భారం తేడాగా పడినప్పుడు, వాపు రసాయనాలు చేరినప్పుడు కార్టిలేజ్ కణాలే ఎంజైములు వదిలి తమ చుట్టూ ఉన్న వలను కొరుకుతాయి. కొవ్వు కణాలు కూడా అలాంటి వాపు సంకేతాలను రక్తంలోకి పంపుతాయి. ఊబకాయం ఉన్నవాళ్లలో ఒంటి బరువు మోయని చేతివేళ్ల కీళ్లు కూడా ఎక్కువగా దెబ్బతినడానికి ఇదొక కారణమని భావిస్తున్నారు. వయసుతో పోగులు పెళుసెక్కుతాయి. వంశపారంపర్యం ఉంటుంది. మెనోపాజ్ తర్వాత ఆడవాళ్లలో జబ్బు బాగా పెరుగుతుంది.

కాళ్ల ఆకారానిదీ పెద్ద వాటాయే. దొడ్డికాళ్లు ఉన్నవాళ్లలో భారం మోకాలి లోపలి పక్కనే పడి అక్కడే ముందు పలచబడుతుంది. నల్లగొండ ఫ్లోరైడ్ గ్రామాల్లో ఎముకలు వంకరపోయినవాళ్ల కీళ్ల బాధలో ఈ భారం తేడా కూడా కలిసి ఉంటుంది, అక్కడి కథ ఎముక దగ్గర మొదలైనా.

నేల మీద కూర్చునే అలవాటు గురించి మన దగ్గర చాలా వాదన ఉంది. దీనిమీద పనికొచ్చే లెక్క చైనా నుంచి వచ్చింది. బీజింగ్‌లో పెద్దవాళ్లను అడిగి చూస్తే, పాతికేళ్ల వయసులో రోజుకు 3 గంటలకు పైగా గొంతుకు కూర్చున్నవాళ్లలో మోకాలి జబ్బు అవకాశం, అరగంట లోపు కూర్చున్నవాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు. అయితే అదే బీజింగ్‌లో తుంటి కీలు జబ్బు అమెరికా తెల్లవారికన్నా చాలా తక్కువ. అంటే భోజనానికి పీటేసుకుని కూర్చోవడాన్ని తప్పుపట్టే లెక్క కాదది. గంటల తరబడి గొంతుకు కూర్చుని కలుపు తీసే పనికి, ఆ పని ఎక్కువగా చేసే ఆడకూలీలకు సంబంధించిన లెక్క.

ఎక్స్‌రే చూపించనిది

ఎక్స్‌రేలో కార్టిలేజ్ అసలు కనపడదు. రెండు ఎముకల మధ్య సందు కనపడుతుంది, ఆ సందును బట్టి పొర ఎంత మిగిలిందో అంచనా కడతారు. అందుకే నిలబెట్టి తీయాలి, పడుకోబెట్టి తీస్తే సందు లేనిపోని వెడల్పు చూపిస్తుంది. 1957 నుంచి వాడుతున్న కెల్‌గ్రెన్, లారెన్స్ కొలతలో 0 నుంచి 4 దాకా గ్రేడులు ఉంటాయి. ‘గ్రేడ్ 4’ అనగానే ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంటుంది. కానీ గ్రేడుకు, నొప్పికి లంకె వదులైనది. గ్రేడ్ 4తో తిరుమల మెట్లెక్కేవాళ్లూ ఉంటారు, గ్రేడ్ 1తో మంచం దిగలేనివాళ్లూ ఉంటారు. ఎందుకంటే కార్టిలేజ్‌కు నరాలే లేవు, దానికి నొప్పి తెలియదు. నొప్పి వచ్చేది కింద ఉన్న ఎముక నుంచి, కీలు చుట్టూ ఉండే పలచటి సంచి వాపు నుంచి, అలసిన కండరాల నుంచి. వీటిలో కొన్ని తగ్గేవే.

నొప్పి లేకుండా కీలు చప్పుడు చేస్తే కంగారు పడక్కర్లేదు. మెటికలు విరిస్తే వేళ్లు పాడవుతాయన్న పెద్దల మాటను పరీక్షించడానికి డొనాల్డ్ ఉంగర్ అనే అమెరికన్ డాక్టర్ 60 ఏళ్లపాటు ఒక్క చేతి మెటికలే విరుచుకున్నాడు. చివరికి రెండు చేతులకూ తేడా కనపడలేదు. దానికి 2009లో సరదా నోబెల్‌గా పేరుపడ్డ ఇగ్ నోబెల్ ఇచ్చారు. ఒక్క మనిషి మీద చేసింది కాబట్టి పెద్ద రుజువేం కాదు, ఓపిక మాత్రం మెచ్చుకోదగ్గదే.

కీళ్ల నొప్పులన్నీ అరుగుదల ఖాతాలో వేయడమూ పొరపాటే. 2005-06లో చికున్‌గున్యా తెలుగు జిల్లాలను ఊపేసినప్పుడు నెలల తరబడి కీళ్లు పట్టేసింది వైరస్ తెచ్చిన వాపు వల్ల. పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుని అరగంట లోపు సర్దుకుంటే అది ఎక్కువగా ఆస్టియోఆర్థ్రయిటిస్. గంట దాటినా వదలకపోతే, రెండు చేతుల కీళ్లూ వాస్తే రుమటాయిడ్ కీళ్లవాతం కావచ్చు. దానికి మందులు వేరు, ఆలస్యం చేస్తే నష్టం. మోకాలు ఎర్రగా వేడెక్కి జ్వరం వస్తే, లేదా కాలు చాపలేకుండా ఇరుక్కుపోతే ఆ రోజే చూపించుకోవాలి.

పొడులు, పాయా, ఇంజెక్షన్లు

మేక కాళ్ల పాయా తాగితే గుజ్జు పడుతుందని, బెండకాయ జిగురు మోకాళ్లకు మంచిదని ఇళ్లలో గట్టి నమ్మకం. కంటికి కనిపించే పోలిక నుంచి పుట్టిన నమ్మకాలివి: జిగురు తింటే జిగురు చేరుతుందని. పాయాలో ఉన్న కొలాజెన్ పేగుల్లో అమైనో ఆమ్లాలుగా, చిన్న చిన్న తునకలుగా విడిపోతుంది. పప్పు, గుడ్డు నుంచి వచ్చే అమైనో ఆమ్లాలతో పాటే రక్తంలో కలుస్తుంది. అది నేరుగా మోకాలి చిరునామాకు చేరదు. కొలాజెన్ పొడుల మీద చిన్న అధ్యయనాలు కొంత ఉపశమనం చూపాయి, కార్టిలేజ్ తిరిగి పెరిగిందని అవి నిరూపించలేదు. పాయా రుచికి తాగొచ్చు, అభ్యంతరమేం లేదు.

గ్లూకోజమైన్, కాండ్రాయిటిన్ బిళ్లల సంగతి ఇంకా స్పష్టం. అమెరికాలో 1,583 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. మొత్తం మీద చూస్తే మందు లేని ఉత్తుత్తి బిళ్లకన్నా అవి మెరుగ్గా పనిచేయలేదు. అసలు చిత్రం ఏమిటంటే, ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవాళ్లలో కూడా 60 శాతం మందికి నొప్పి తగ్గింది. ‘మా పిన్నికి తగ్గింది’ అన్న సాక్ష్యం ఎందుకు చాలదో ఈ ఒక్క అంకె చెబుతుంది.

‘గుజ్జు ఎక్కించడం’ అనే జెల్ ఇంజెక్షన్‌లో ఉండేది హయలురానిక్ ఆమ్లం. అది ద్రవానికి జత, పొరకు అతుకు కాదు. పెద్ద పరీక్షల్ని కలిపి చూస్తే దాని లాభం ఉత్తుత్తి ఇంజెక్షన్‌కన్నా కొంచెమే ఎక్కువ. మన రక్తం నుంచే ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే భాగాన్ని తీసి వేసే పీఆర్‌పీని ఆస్ట్రేలియాలో 288 మందికి ఉప్పునీటి ఇంజెక్షన్‌తో పోల్చి చూసిన ఫలితాలు 2021లో వచ్చాయి. ఏడాది తర్వాత నొప్పిలోనూ, కార్టిలేజ్‌లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు నిజంగానే ఉపశమనం ఇస్తుంది. కానీ మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు వేస్తే ఉప్పునీరు వేసినవాళ్లకన్నా కార్టిలేజ్ ఎక్కువ తగ్గిందని, నొప్పిలో తేడా లేదని 2017లో తేలింది. పెళ్లో ప్రయాణమో ఉందని ఒకసారి వేయించుకోవడం వేరు, అలవాటుగా వేయించుకోవడం వేరు.

కత్తితో కొత్త పొర

కీలులోకి గొట్టం పెట్టి ‘శుభ్రం చేసే’ ఆర్థ్రోస్కోపీ ఒకప్పుడు అరుగుదలకు విరివిగా చేసేవారు. అమెరికాలోని హ్యూస్టన్‌లో డాక్టర్లు చేసిన సాహసం అనదగ్గ పరీక్ష ఫలితాలు 2002లో వచ్చాయి. 180 మందిలో కొందరికి నిజం ఆపరేషన్, మిగతావాళ్లకు చర్మం మీద కోతలు పెట్టి కుట్టేశారు, లోపల ఏమీ చేయలేదు. రెండేళ్ల తర్వాత నొప్పిలో రెండు వర్గాలకూ తేడా లేదు.

చిన్న వయసులో, గాయం వల్ల ఒక్కచోట మాత్రమే గుంట పడినవాళ్ల సంగతి వేరు. అక్కడ ఎముకకు సన్నటి రంధ్రాలు చేసి రక్తం ఊరేలా చేస్తారు, దాన్ని మైక్రోఫ్రాక్చర్ అంటారు. పూడేది ముందు చెప్పిన తారు అతుకే కాబట్టి కొన్నేళ్లకు ప్రభావం తగ్గుతుంది. ఇంకో దారి, సొంత కార్టిలేజ్ కణాలను కొద్దిగా తీసి ల్యాబ్‌లో పెంచి మళ్లీ పెట్టడం. స్వీడన్ డాక్టర్లు దీన్ని 1987లో మొదలుపెట్టి 1994లో 23 మంది ఫలితాలు ప్రచురించారు. మన పెద్ద ఆసుపత్రుల్లోనూ ఇప్పుడు చేస్తున్నారు. ఖర్చు ఎక్కువ, కోలుకోవడానికి నెలలు పడుతుంది. మోకాలంతా పాడైన అరవై ఏళ్లవారికి ఇది సరిపోదు. ‘స్టెమ్ సెల్స్‌తో కొత్త గుజ్జు’ ప్రకటనలు దాచిపెట్టే తేడా ఇదే.

మందుతో పొర పెంచే ప్రయత్నాల్లో కీలులోకి వేసే స్ప్రిఫెర్మిన్ ఇంజెక్షన్ పాఠంలాంటిది. 2019లో ప్రచురితమైన పరీక్షలో ఎక్కువ మోతాదు వేసినవాళ్లకు రెండేళ్లకు కార్టిలేజ్ మందంలో ఉత్తుత్తి ఇంజెక్షన్ వాళ్లతో వచ్చిన తేడా ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. నొప్పి మాత్రం ఉత్తుత్తి ఇంజెక్షన్ వాళ్లకు తగ్గినంతే తగ్గింది. ముసలి ఎలుకల్లో పొర పెరిగిందన్న వార్తలు అప్పుడప్పుడూ వస్తుంటాయి. ఎలుక మోకాలి పొర మనిషి పొరతో పోలిస్తే ఎంతో పలచన, అది మోసే బరువు కొన్ని గ్రాములు.

భారం తగ్గించే పని

1 కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద 4 కిలోల భారం తగ్గుతుందని 2005లో కొలిచారు. 5 కిలోలు తగ్గినవాళ్లకు వెయ్యి అడుగుల్లో తగ్గే మొత్తం 20 టన్నులు, ఒక లారీ లోడు. ఆహారం, వ్యాయామం రెండూ పాటించి ఏడాదిన్నరలో పదోవంతు బరువు తగ్గిన పెద్దవాళ్లకు నొప్పి దాదాపు సగమైందని 2013లో అమెరికాలో తేలింది. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌తో కూడా ఊబకాయుల మోకాలి నొప్పి బాగా తగ్గిందని 2024లో వచ్చింది. ఆ మందు గుజ్జును పెంచిందని కాదు, దారి ఎక్కువగా బరువు మీదుగానే కావచ్చు.

తొడ ముందు కండరం మోకాలికి షాక్ అబ్జార్బర్. అది నీరసిస్తే ప్రతి అడుగు దెబ్బా నేరుగా కీలు మీద పడుతుంది. నొప్పని కూర్చుంటే కండరం కరుగుతుంది, కండరం కరిగితే నొప్పి పెరుగుతుంది. ఈ సుడి నుంచి బయటపడడానికి ఫిజియోథెరపిస్టులు చెప్పే మొదటి పని మంచం మీదే అవుతుంది. కాళ్లు చాపుకుని మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకోవాలి. మోకాలితో తువ్వాలును మంచానికేసి నొక్కాలి, చిప్ప పైన కండరం బిగుసుకోవడం అరచేత్తో తడిమితే తెలుస్తుంది. అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. చూడ్డానికి ఇదేం వ్యాయామం అనిపిస్తుంది, అందుకే చాలామంది మూడో రోజుకే మానేస్తారు. ఫలితం తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది.

మిగతావి చిన్న సర్దుబాట్లు. పీటకు బదులు కుర్చీ, బాత్రూంలో కమోడ్, నడక సమతల నేల మీద. చేతికర్ర నొప్పి లేని వైపు చేత్తో పట్టుకోవాలి. మన దగ్గర చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, దానివల్ల భారం తగ్గాల్సినంత తగ్గదు. నొప్పి ఎక్కువైతే పైపూత డైక్లోఫెనాక్ జెల్‌తో మొదలుపెట్టడం మేలు. నొప్పి బిళ్లలు మెడికల్ షాపులో అడిగి నెలల తరబడి మింగితే దెబ్బ కిడ్నీల మీద, కడుపు మీద పడుతుంది.

మార్పిడి దాకా వస్తే

ఇవన్నీ నిజాయితీగా చేశాక కూడా రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే కీలు మార్పిడి ఉంది. 2017 ఆగస్టులో కేంద్రం కీళ్ల పరికరాల ధరలకు కళ్లెం వేసింది. అప్పటిదాకా సగటున లక్షన్నర రూపాయలు పలికిన మామూలు కోబాల్ట్ క్రోమియం మోకాలు 54,720 రూపాయలకు దిగింది. పన్ను, ఆసుపత్రి ఖర్చు వేరే. కొత్త కీలులో కార్టిలేజ్ చోట కూర్చునేది పాలిథిలీన్ ప్లాస్టిక్ పలక. వివిధ దేశాల రికార్డులు చూస్తే అలా మార్చిన మోకాళ్లలో 82 శాతం 25 ఏళ్లపాటు నిలిచాయి.

మత్తు దిగి, ఆపరేషన్ అయిన మర్నాడు ఫిజియోథెరపిస్ట్ గదిలోకి వస్తారు. చేతిలో ఒక తువ్వాలు. దాన్ని చుట్టి మోకాలి కింద పెట్టి, నొక్కమంటారు.